కౌంట్ తక్కువ అన్నారా? ఐయూఐకి వెళ్లే ముందు మగవాళ్లు చేయాల్సిన పనులు

పెళ్లయి రెండేళ్లు దాటితే చాలు, ఏ పెళ్లికి వెళ్లినా ఏ వ్రతానికి వెళ్లినా "ఏమ్మా, ఏమైనా విశేషమా?" అని అడిగేది ఆడవాళ్లనే. మా ఇంట్లోనూ అదే జరిగింది. మా ఆవిడకి థైరాయిడ్ పరీక్షలు, నాలుగైదు స్కాన్లు, ట్యూబులు చూసే ఎక్స్‌రే, ఆరు నెలల మందులు, మధ్యలో రెండు మొక్కులు, ఇవన్నీ అయ్యాక కొత్తగా వెళ్లిన డాక్టరమ్మ ఫైలంతా తిరగేసి "మీవారి రిపోర్ట్ ఏది?" అని అడిగారు. లేదు. పాత డాక్టరు రాయలేదు, నేనూ అడగలేదు. సూది గుచ్చే పని కూడా లేని వీర్య పరీక్ష, వెయ్యి రూపాయలు కూడా అవ్వలేదు, దాన్ని పక్కన పెట్టి ఏడాది పోగొట్టుకున్నాం. చివరికి నా కౌంట్ (వీర్యంలో కణాల సంఖ్య) తక్కువని తేలి మేం వెళ్లింది ఐయూఐకి, అంటే వీర్యకణాల్ని శుభ్రం చేసి సన్నటి గొట్టంతో నేరుగా గర్భాశయంలోకి వదిలే పద్ధతికి.

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. కాబట్టి ఏడాది ప్రయత్నించినా నెల తప్పకపోతే (ఆవిడకి 35 దాటి ఉంటే ఆరు నెలలకే) ఇద్దరూ ఒకేసారి పరీక్షలు మొదలుపెట్టండి. ఆవిడవి అయ్యాక మీవి కాదు.

పరీక్ష సరిగ్గా ఇవ్వడం

వీర్య పరీక్షకి ముందు కనీసం 2 రోజులు, ఎక్కువలో ఎక్కువ 7 రోజులు కలవకుండా ఉండాలి. పదిహేను రోజులు ఆగితే ఎక్కువ పోగవుతుంది కదా అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. అంకె కొంచెం పెరిగినా కణాలు పాతబడి కదలిక తగ్గిపోతుంది, రిపోర్ట్ ఉన్నదానికంటే పాడుగా వస్తుంది.

డబ్బా ల్యాబ్ వాళ్లిచ్చిందే వాడాలి. కొబ్బరినూనె, సబ్బు, ఉమ్ము ఏదీ వాడకూడదు, ఇవన్నీ వీర్యకణాలకి హాని చేసేవే. మామూలు కండోమ్‌లో పట్టి తెస్తానంటే అసలే కుదరదు. మొదట వచ్చే చుక్కల్లోనే కణాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి అవి కిందపడిపోతే సిగ్గుపడకుండా కౌంటర్‌లో చెప్పండి, ఇంకో రోజు ఇవ్వొచ్చు. చెప్పకపోతే ఆ తప్పుడు అంకె మీదే ట్రీట్‌మెంట్ అంతా నడుస్తుంది.

నేను మొదటిసారి వెళ్లిన ల్యాబ్‌లో "కలెక్షన్ రూమ్" అంటే మెట్ల కింద బాత్రూమ్. గడియ సరిగ్గా పడదు, బయట ఎవరో తలుపు కొడుతూనే ఉన్నారు. అలాంటి చోట అవస్థ పడే బదులు, ఇల్లు దగ్గరైతే ఇంట్లోనే పట్టి తీసుకెళ్లొచ్చా అని ముందే అడగండి. అరగంటలో చేరితే మంచిది, గంట దాటకూడదు. డబ్బాని చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకోండి. ఫ్రిజ్‌లో పెట్టడం, బైక్ డిక్కీలో ఎండకి వదిలేయడం, రెండూ తప్పే.

ఒక్క రిపోర్ట్ చూసి గుండె జారనివ్వకండి. అదే మనిషికి ఈ నెల ఒక అంకె, వచ్చే నెల ఇంకో అంకె వస్తుంది. మొదటిది తేడాగా ఉంటే కొన్ని వారాలు ఆగి రెండోది చేయించాలి. మధ్యలో డెంగీయో ఇంకో గట్టి జ్వరమో వచ్చి ఉంటే అది తప్పకుండా చెప్పండి, దాని దెబ్బ రెండు మూడు నెలల దాకా కౌంట్ మీద కనిపిస్తుంది.

రిపోర్ట్‌లో చూడాల్సిన లెక్క

రిపోర్ట్ చివర కనిపించే పెద్ద పెద్ద పేర్లు చూస్తే సగం ప్రాణం అక్కడే పోతుంది, వాటిని వదిలేసి అంకెలు చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస హద్దులు ఇవి: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకి 16 మిలియన్లు (అంటే కోటీ అరవై లక్షలు) కణాలు, కదిలేవి 42 శాతం, ముందుకు ఈదేవి 30 శాతం, ఆకారం సరిగ్గా ఉన్నవి 4 శాతం. అవును, నాలుగే. వందలో 96 వంకరగా ఉన్నా ఆరోగ్యవంతుడైన మగాడే. పైగా ఇవి పాస్ మార్కులు కావు. ఏడాది లోపు తండ్రులైన మగవాళ్ల నమూనాలు తీసుకుని, వాళ్లలో అడుగున ఉన్న 5 శాతం దగ్గర గీసిన గీత ఇది. గీత కింద ఉన్నవాళ్లకీ పిల్లలు పుడుతున్నారు, పైన ఉన్నవాళ్లలో కొందరికి పుట్టడం లేదు.

ఐయూఐ పనికొస్తుందా లేదా తేల్చేది వీటిలో ఏ ఒక్కటీ కాదు, మూడింటిని కలిపి వేసే లెక్క. పరిమాణం, కౌంట్, కదిలేవాటి శాతం, ఈ మూడూ గుణించాలి. నాకు వచ్చింది 2.5 మిల్లీలీటర్లు, 12 మిలియన్లు, 35 శాతం. గుణిస్తే కదిలే కణాలు మొత్తం కోటీ అయిదు లక్షలు. రిపోర్ట్ మీద మాత్రం "కౌంట్ తక్కువ, కదలిక తక్కువ" అని రెండు చోట్ల ఎర్ర సిరాతో గుండ్రాలు చుట్టి ఇచ్చారు. ఈ లెక్క డాక్టరమ్మ కాగితం మీద వేసి చూపించాకే నాకు ఊపిరి ఆడింది.

ఐయూఐ రోజు వీర్యాన్ని ల్యాబ్‌లో వాష్ చేసి, బాగా ఈదే కణాల్ని మాత్రమే వేరు చేస్తారు. ఆ వాష్ అయ్యాక చేతిలో మిగిలినవి 50 లక్షలు, అంటే 5 మిలియన్లు దాటితే ఐయూఐ ప్రయత్నించడంలో అర్థం ఉంది. అంతకన్నా తగ్గే కొద్దీ అవకాశాలు తగ్గుతూ పోతాయి. పది లక్షలు కూడా లేకపోతే, నా మాటగా చెప్తున్నా, ఆ డబ్బూ ఆ నెలలూ వృథా చేసుకోవద్దు, ఐవీఎఫ్‌లో (అండాన్ని బయటికి తీసి ల్యాబ్‌లో కణంతో కలిపే పద్ధతి) ఇక్సీ గురించి మాట్లాడండి. అందులో ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని సూదితో ఎక్కిస్తారు కాబట్టి కొద్ది కణాలున్నా సరిపోతుంది.

ఐయూఐ కౌంట్‌ని పెంచదు, కణాల్ని బాగు చెయ్యదు. గర్భాశయం ముఖద్వారం దాటించి లోపల వదిలిపెడుతుంది, అంతే. చుట్టాన్ని బస్టాండ్ దాకా దింపి రావడం లాంటిది, అక్కడి నుంచి బస్సెక్కి ఊరు చేరాల్సింది వాళ్లే. అండాన్ని కలవడం లోపల ట్యూబులోనే జరగాలి. అందుకే ఆవిడ ట్యూబుల్లో కనీసం ఒకటైనా తెరిచి ఉందని హెచ్ఎస్‌జీ (ట్యూబులు చూసే ఎక్స్‌రే) లాంటి పరీక్షతో తేలకుండా ఐయూఐకి ఒప్పుకోవద్దు.

అంగస్తంభన సమస్య వల్లో, మూత్రద్వారం కిందికి ఉండడం వల్లో కలవడమే కష్టమైనవాళ్లకి, కౌంట్ బాగుంటే ఐయూఐ చక్కగా సరిపోతుంది. షుగర్ ఉన్న కొందరిలో వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి వెళ్తుంది, వాళ్లకి మూత్రం నుంచే కణాల్ని వేరు చేసి వాడే వీలుంది. ఆకారం ఒక్కటే 4 శాతం కన్నా తక్కువ, మిగతావన్నీ బాగున్నాయంటే దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి.

రిపోర్ట్‌లో కణాలు సున్నా అని వస్తే భర్త వీర్యంతో ఐయూఐ కుదరదు. వృషణం నుంచి సూదితో కణాలు తీసినా అవి ఇక్సీకే పనికొస్తాయి. ముందు దారి ఎక్కడైనా మూసుకుపోయిందా, లేక తయారీయే లేదా అన్నది తేల్చుకోవాలి.

ఐయూఐకి ముందు మూడు నెలలు

ఒక వీర్యకణం తయారవడానికి దాదాపు 74 రోజులు పడుతుంది, అది పక్వమై బయటికి రావడానికి ఇంకొన్ని రోజులు. అంటే ఈ రోజు మానేసిన సిగరెట్ ఫలితం మూడు నెలల తర్వాత రిపోర్ట్‌లో కనిపిస్తుంది. వారం రోజులు తాగుడు మానేసి పరీక్షకి వెళ్లి "ఏం తేడా లేదు" అనుకుంటే ఎలా?

అన్నిటికంటే ముందు జిమ్ సంగతి. కండలు రావాలని టెస్టోస్టిరాన్ ఇంజక్షన్లు, స్టెరాయిడ్లు తీసుకుంటుంటే వెంటనే డాక్టర్‌కి చెప్పండి. మగతనం పెంచే హార్మోనే కదా, మంచిదే అనుకుంటారు గానీ బయట నుంచి అది ఎక్కితే లోపల తయారీకి సిగ్నల్ ఆగిపోతుంది, కౌంట్ సున్నాకి కూడా పడిపోతుంది. మానేశాక చాలామందిలో తిరిగి వస్తుంది, కానీ నెలలు పడుతుంది. కౌంట్ తక్కువ అని తెలిశాక ఎవరో చెప్పారని టెస్టోస్టిరాన్ మొదలుపెట్టేవాళ్లు కూడా ఉన్నారు, ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటి లేదు. జుట్టు రాలకుండా వేసుకునే ఫినాస్టిరైడ్ సహా మీరు వాడే ప్రతి మందూ చీటీ మీద రాసి చూపించండి.

తర్వాత వేడి. వృషణాలు ఒంటి బయట ఉన్నదే చల్లగా ఉండడానికి. బట్టీల దగ్గర, హోటల్ పొయ్యిల దగ్గర, లారీ క్యాబిన్‌లో రోజంతా ఉండేవాళ్లు ఉద్యోగం మానేయలేరు, కనీసం మధ్యమధ్యలో లేచి నడవండి, బిగుతు బట్టలు మానండి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోకండి. సిగరెట్, గుట్కా, ఖైనీ పూర్తిగా బంద్.

వేరికోసీల్ అనేది ఒకటుంది. వృషణం పైన నరాలు ఉబ్బడం, ఎక్కువగా ఎడమ వైపు వస్తుంది, నిలబడ్డప్పుడు చేతికి తగులుతుంది. మామూలు మగవాళ్లలోనే వందకి 15 మందికి ఉంటుంది కాబట్టి స్కాన్‌లో కనబడిన ప్రతిదానికీ ఆపరేషన్ అక్కర్లేదు. చేతికి తెలిసేంత ఉండి, రిపోర్ట్ కూడా పాడుగా ఉంటే యూరాలజిస్ట్‌తో మాట్లాడాలి. కౌంట్ మరీ తక్కువైతే ఎఫ్ఎస్‌హెచ్ (కణాల తయారీని నడిపే హార్మోన్), టెస్టోస్టిరాన్ రక్తపరీక్షలు, మిల్లీలీటరుకి 50 లక్షల లోపుంటే జన్యు పరీక్షలు కూడా రాస్తారు, ఇవి డబ్బు గుంజడానికి కాదు. చిన్నప్పుడు కాకుండా మీసాలొచ్చాక గవదబిళ్లలు వచ్చి ఉంటే అది కూడా చెప్పండి.

బస్టాండ్ గోడల మీద "సంతానలేమికి గ్యారంటీ" పోస్టర్లు అంటించే వాళ్ల దగ్గరికి వెళ్లకండి. అందులో ఏముందో మీకు తెలియదు, కొన్నిసార్లు అమ్మేవాడికీ తెలియదు. డాక్టర్లు రాసే యాంటీఆక్సిడెంట్ బిళ్లలకి కూడా గట్టి ఆధారం లేదు, నెలకి రెండు వేలు పెట్టి వాటి మీదే ఆశ పెట్టుకోవద్దు.

ఆ నెల ఎలా నడుస్తుంది

ఆవిడకి పీరియడ్ వచ్చిన రెండో రోజో మూడో రోజో స్కాన్. ఆ తర్వాత 5 రోజులు మాత్రలు, మామూలుగా లెట్రోజోల్. మందుల షాపు కుర్రాడు చీటీ చూసి "ఇది క్యాన్సర్ మందు కదా" అని మా ఆవిడని హడలగొట్టాడు. రొమ్ము క్యాన్సర్‌కి వాడేదే, నిజమే. మన దేశంలో 2011లో పిల్లల కోసం దీన్ని వాడొద్దని నిషేధించారు కూడా, మళ్లీ 2017లో ఆ నిషేధం ఎత్తేశారు. అండం విడుదలకి ఇప్పుడు ఎక్కువమంది డాక్టర్లు రాస్తున్నది ఇదే.

తొమ్మిదో రోజో పదో రోజో నుంచి ఫాలిక్యులర్ స్కాన్లు (అండం ఉన్న తిత్తి ఎంత పెరిగిందో చూసేవి), రోజు విడిచి రోజు. ఇవి పొట్ట మీద పెట్టి చేసేవి కావు, లోపలి నుంచి చేసేవి, ఒక్కో నెలలో మూడు నాలుగు సార్లు. తేడా నా రిపోర్ట్‌లో, బల్ల మీద పడుకునేది ఆవిడ. కాబట్టి కనీసం ఆ స్కాన్లకి బండి మీద దింపి "అయ్యాక ఫోన్ చెయ్" అనకుండా సెలవు పెట్టి పక్కన కూర్చోండి.

అండం ఉన్న తిత్తి 18 నుంచి 20 మిల్లీమీటర్లు అయ్యాక అండం విడుదల కోసం ట్రిగ్గర్ ఇంజక్షన్ ఇస్తారు, 36 గంటలు అటూ ఇటూగా ఐయూఐ. మంగళవారం రాత్రి 10కి ఇంజక్షన్ అంటే గురువారం పొద్దున 10కి ఐయూఐ. ఈ టైమ్ జారకూడదు. రాత్రి పదింటికి మీ ఊళ్లో ఇంజక్షన్ ఎవరు చేస్తారో, అప్పటిదాకా దాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలో వద్దో మధ్యాహ్నమే కనుక్కోండి. మేం మొదటి నెల పదింటికి నర్సు కోసం వీధులు తిరిగాం. తిత్తులు మూడు నాలుగు ఒకేసారి పెరిగితే ఆ నెల వద్దని డాక్టర్ ఆపేయొచ్చు. కవలలు, ముగ్గురు పడితే తల్లికీ బిడ్డలకీ ప్రమాదం, అందుకే. "ఎక్కువ ఉంటే మంచిదేగా" అని వాదించకండి.

ఐయూఐ రోజు

మీరు శాంపిల్ రెండు గంటలు ముందే ఇవ్వాల్సి ఉంటుంది. అంతకు ముందు 2, 3 రోజులు ఆగమంటారు. డబ్బా మీద ఇద్దరి పేర్లూ, తేదీ మీరే చదివి చూసుకోండి, మొహమాటం లేదు. ఆ పొద్దున టెన్షన్‌లో శాంపిల్ రాకపోవడం చాలామందికి జరిగేదే. అలాంటి భయముంటే ముందే చెప్తే ఒక శాంపిల్ ఫ్రీజ్ చేసి ఉంచుతారు, లేదా కణాల్ని చంపే మందు లేని ప్రత్యేక కండోమ్ ఇస్తారు.

వాష్ ఎందుకంటే, వీర్యాన్ని ఉన్నదున్నట్టు గర్భాశయంలోకి ఎక్కిస్తే విపరీతమైన నొప్పి, ఇన్ఫెక్షన్ రావొచ్చు. వాష్ తర్వాత మిగిలే అర మిల్లీలీటరు ద్రవాన్ని సన్నటి గొట్టంతో లోపల వదులుతారు. అయిదు నిమిషాల పని, మత్తు అక్కర్లేదు. పది పదిహేను నిమిషాలు పడుకుని లేచి ఇంటికి వెళ్లొచ్చు. లేచాక కాస్త తడి అనిపిస్తే "అంతా కారిపోయింది" అని ఏడవాల్సిన పని లేదు, కణాలు అప్పటికే పైకి వెళ్లి ఉంటాయి.

బయటికి వచ్చే ముందు ఒకటి అడిగి రాయించుకోండి: వాష్ తర్వాత కౌంట్ ఎంత, కదలిక ఎంత. మాకు మొదటిసారి 40 లక్షలు. సిగరెట్లు మానేసి నాలుగు నెలలయ్యాక రెండోసారి 70 లక్షలు. రెండు సార్లూ నెల తప్పలేదు, కానీ ఆ రెండో అంకె చూసే డాక్టరమ్మ ఇంకోసారి చూద్దాం అన్నారు.

తర్వాతి రెండు వారాలు మంచం దిగకూడదు, మెట్లెక్కకూడదు అనే రూల్స్ ఏవీ లేవు, మామూలుగా తిరగొచ్చు, ఉద్యోగానికి వెళ్లొచ్చు. మా అత్తగారు మాత్రం బొప్పాయి పండు ఇంటి గుమ్మం దాటనివ్వలేదు, ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు లేరు. చుట్టాలెవరైనా ఫోన్ చేసి ఆవిడని ఆరా తీస్తుంటే ఫోన్ మీరు తీసుకుని "లేదు పిన్నీ, ట్రీట్‌మెంట్ నాకు జరుగుతోంది" అనండి, అవతల వెంటనే వాతావరణం మీదికి మాట మారిపోతుంది. ఐయూఐ తర్వాత ఇచ్చే ప్రొజెస్టిరాన్ (గర్భం నిలవడానికి సాయపడే హార్మోన్) మాత్రల వల్ల నిద్ర, రొమ్ముల నొప్పి వస్తాయి, అవి గర్భం లక్షణాల్లాగే ఉంటాయి గానీ నమ్మలేం. ట్రిగ్గర్ ఇంజక్షన్‌లో ఉన్న హార్మోన్నే ఇంట్లో చేసే పరీక్ష పట్టుకుంటుంది, అందుకని తొందరపడి పదో రోజే చేస్తే లేని గీత కనబడి మనసు విరుగుతుంది. 14 రోజులు ఆగి గర్భం వచ్చిందో లేదో తేల్చే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష చేయించండి. ఈలోగా జ్వరం, భరించలేని కడుపునొప్పి, పొట్ట బాగా ఉబ్బడం, ఆయాసం ఉంటే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి

జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ వైపు నుంచి వెళ్లినవాళ్లు రెండు నెలల సెలవులో వచ్చి, పరీక్షలు మొదలుపెట్టేసరికి సెలవు అయిపోతుంది. వచ్చే ముందే అక్కడే వీర్య పరీక్ష చేయించి రిపోర్ట్ ఫొటో ఇక్కడి డాక్టర్‌కి పంపండి, ఆవిడ పరీక్షలు మీరు దిగేలోపు పూర్తవ్వాలి. దిగిన వారంలో హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేయించి శాంపిళ్లు ఫ్రీజ్ చేయించుకుంటే మీరు వెళ్లాక కూడా ఐయూఐ చేయొచ్చు. కాకపోతే ఫ్రీజ్ చేసి కరిగిస్తే కదిలే కణాలు సగం దాకా పోతాయి. కౌంట్ అసలే తక్కువున్నవాళ్లు ఒక్కటి కాదు, కొన్ని రోజుల తేడాతో రెండు మూడు శాంపిళ్లు ఇచ్చి వెళ్లాలి.

సంతకం పెట్టే ముందు

2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ఏఆర్‌టీ చట్టం (సంతాన చికిత్సల చట్టం) ప్రకారం ఐయూఐ చేసే క్లినిక్ కూడా రిజిస్టర్ అయి ఉండాలి. ఐయూఐ మాత్రమే చేసేవి లెవెల్ 1, ఐవీఎఫ్ కూడా చేసేవి లెవెల్ 2. సర్టిఫికెట్ చూపించమనండి. ఆవిడకి 21 నుంచి 50, మీకు 21 నుంచి 55 ఏళ్ల లోపు ఉండాలి. దాత వీర్యం కావాలంటే రిజిస్టర్ అయిన బ్యాంకు నుంచే రావాలి, ఇద్దరి రాతపూర్వక అంగీకారం ఉండాలి, పుట్టే బిడ్డ చట్టం దృష్టిలో మీ బిడ్డే. తమ్ముడిదో బావదో వాడదాం అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, చట్టం ఒప్పుకోదు. "మీది కొంచెం, దాతది కొంచెం కలిపి వేస్తాం, మీకూ ఆశ ఉంటుంది" అనే చోట ఒక్క నిమిషం కూడా కూర్చోకండి. అబ్బాయే పుట్టేలా కణాలు వేరు చేస్తామంటే అది జైలుకి పంపే నేరం.

ఎన్నిసార్లు?

అన్నీ బాగున్నా ఒక్కో నెల ఐయూఐ ఫలించే అవకాశం వందకి 10, 15 దగ్గరే, మగవాళ్ల వైపు తేడా ఉంటే ఇంకా తగ్గొచ్చు. కాబట్టి ఒక్కసారికే తేలాలి అనుకోకండి, అలాగని ఎనిమిదోసారి కూడా చేద్దాం అనేవాళ్ల మాట వినకండి. మూడు నాలుగు సార్లు సరిగ్గా జరిగి రాకపోతే ఐవీఎఫ్ గురించి కూర్చుని మాట్లాడాలి. ఆవిడకి 37, 38 దాటి ఉంటే ఆ నాలుగు నెలలు కూడా ఖరీదైనవే, ఒకటి రెండింటికే ఆగడం మేలు. మాకు మూడోసారి వచ్చింది. మా తోడల్లుడికి నాలుగుసార్లు చేసినా రాలేదు, వాష్ తర్వాత కౌంట్ ఒక్కసారి కూడా 20 లక్షలు దాటలేదని అయిదో క్లినిక్‌లో ఫైలు చూసి చెప్పేదాకా వాళ్లకి ఎవరూ చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. తర్వాత ఇక్సీకి వెళ్లారు. ఖర్చు గురించి బెంగ ఉంటే హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం ఉంది, ముందు అక్కడ కనుక్కోండి. ఎక్కడికి మారినా ప్రతి నెల స్కాన్ కాగితాలు, వాష్ రిపోర్టులు మీ దగ్గర ఒక కాపీ ఉండాలి, పాత క్లినిక్ "తర్వాత ఇస్తాం" అంటే ఇచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.